లాగి చూసిన తాళం

పేరు తీసేయడానికి ఎంతసేపు, టీ చల్లారేంత సేపు కూడా పట్టదు, అయినా ఆ పని చేయకుండానే సంయుక్త ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చుంది. కిటికీ పక్కన చోటు దొరికింది, ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుంది, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది, లోపల కోడిపిల్ల ఉన్నట్టు, వదిలితే లేచి అరుస్తుందన్నట్టు. నిన్న సాయంత్రం ప్రాణేశ్ చెప్పనే చెప్పాడు, గట్టిగా కూడా కాదు, మబ్బు పట్టింది గొడుగు తీసుకుపో అన్నంత మామూలుగా. "రేపు నువ్వు బస్సెక్కే లోపల నా పేరు తీసేయమ్మా సంయుక్తా. నేను పొద్దున్నే ఎమ్మిగనూరు పోయి ఉంటాను. నువ్వు వచ్చినాక లాగి చూస్తాను. గట్టిగా ఉంటే టీ తాగి పోతాను." ఆమె గంగిరెద్దులా తల ఊపింది. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు. పొద్దున ఆఫీసులో సర్వర్ తెరిచింది, పేర్ల వరస చూసింది, అన్నిటికన్నా పైన ఆ పేరే ఉంది, దాని మీదికి వేలు పోయింది, ఆగింది. దప్పికైంది. లేచి నీళ్లు తాగి వచ్చింది. కూర్చుంటే మళ్లీ దప్పికైంది. అట్లా నీళ్లు తాగీ తాగీ బస్సు వేళ చేసింది.

దానికి తోడు దామోదరం గారొకరు. పత్తి మిల్లు ఆయనదే, మిల్లు పక్కన పుట్టిన ఈ నెట్టు కంపెనీ కూడా ఆయనదే. ఆదోని జిన్నింగ్ మిల్లులకూ, మార్కెట్ యార్డుకూ, అటు ఆలూరులో అంగళ్లకూ, ఇటు నందవరం, ఎమ్మిగనూరు ఇళ్లకూ పోయే తీగలన్నీ ఆయన సొత్తు, ఆ తీగలు కలిసే చోటల్లా గోడకు తగిలించిన స్విచ్చి పెట్టెలు ఆయన సొత్తు, పెట్టెలో ఏముందో మాత్రం ఆయనకు తెలియదు. ఆ పెట్టెల లోపలికి పోగలిగిన వాళ్లలో పెద్దవాడు ప్రాణేశ్, ఇవాళ్టితో ఆయన వెళ్లిపోతున్నాడు. మంత్రాలయం వైపు పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. పాఠం చెప్పడం ఆయనకు ముందునుంచీ ఉన్న జబ్బు, ఇన్నాళ్లకు దానికి జీతం ఇచ్చేవాళ్లు దొరికారు. రేపటినుంచి ఆ కుర్చీలో సంయుక్త. పొద్దున ఆమె మెట్లు దిగుతుంటే దామోదరం గారు పక్కకు పిలిచారు. "ఆయప్ప పేరు ఉండనీ పాపా. ఎవురికీ సెప్పాల్సిన పని లేదు. ఏ పొద్దన్నా నీకు సేతకాకపోతే, ఆడ కాలేజీలో కూసోనే మనకు సరిజేసి పెడతాడు. పాత బీగంచెవి ఒగటి సూరులో పెట్టుకోమా యేంది, ఇండ్లల్ల?" ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. భయపడేవాళ్లకు ఎదురు చెప్పవచ్చు, కానీ వాళ్ల భయమే మన భయం కూడా అయినప్పుడు నోరు ఎట్లా లేస్తుంది? ఆమెకు లేవలేదు.

బస్సు కదిలింది. ఆదోని కొండలు వెనక్కి పోతున్నాయి, కోట గోడ ఒక బండ మీద కనబడి మరో బండ వెనక దాక్కుంది. పత్తి కాలం, రోడ్డు పక్క తుమ్మచెట్ల ముళ్లకు దూది పట్టుకుని వేలాడుతోంది, నందవరం దిక్కునుంచి యార్డుకు వచ్చే బండ్ల మీంచి ఎగిరి పడిన దూది అది. యార్డులో ఈ పాటికి రాసులు పోసి ఉంటారు. వ్యాపారులు ఎవరి చోట వాళ్లు కూర్చుని కంప్యూటర్లో ధరలు వేస్తుంటారు, ఆ ధర వచ్చేదాకా రైతు రాసి మీద కూర్చుని బీడీ కాలుస్తుంటాడు. ఆ పూట తీగలో ఊపిరి ఆగితే రైతుకు ధర లేదు, వ్యాపారికి సరుకు లేదు, దామోదరం గారికి ఊళ్లో తల ఎత్తుకునే దారి లేదు. రేపు అట్లా ఆగితే ఫోన్ వచ్చేది ఎవరికి? ఆమె సంచి మీద చేతులు బిగించింది. పోనీ, ఉండనిస్తే ఏం పోయింది, వరసలో ఒక పేరు ఉంటే ఎవరి నెత్తి మీద పడుతుంది, అన్నం తింటుందా, నీళ్లు అడుగుతుందా.

బస్సు ముందు లారీ పోతోంది. లారీ నిండా పత్తి బేళ్లు, నల్ల రంగుతో బేలు మీద అచ్చు కొట్టిన మార్కా, మిల్లు పేరు, కింద మిల్లు పెట్టిన సంవత్సరం. చూడగానే సంయుక్తకు నవ్వొచ్చింది, ఇంత గుబులులో కూడా వచ్చింది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. అదే పాస్‌వర్డు. ఒకప్పుడు కంపెనీలో ఉన్న పెట్టెలన్నిటికీ ఆ మార్కాయే పాస్‌వర్డు, ఆ సంవత్సరంతో సహా. దామోదరం గారు ఆ రోజుల్లో ఎంతో ఆలోచించి పెట్టారట, మరిచిపోకూడదు, మంగళకరంగా ఉండాలి అని. ఆదోని నుంచి కోయంబత్తూరు దాకా ప్రతి లారీ మీదా ఆ రహస్యం ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఊరేగింది. హమాలీలకు తెలుసు, లారీ డ్రైవర్లకు తెలుసు, టీ బంకు ముందు నిలబడి బేళ్లు లెక్కబెట్టుకునే వాళ్లందరికీ తెలుసు. ప్రాణేశ్ ఈ సంగతి చెప్పిన రోజు ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. "నవ్వులాట కాదమ్మా. దాంతో ఒక మనిషి పని పోయింది" అన్నాడు.

ఆ మనిషి మాదన్న. తీగల చుట్ట భుజానికి వేసుకుని నిచ్చెన ఎక్కే మనిషి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి. అప్పటికి సంయుక్త ఇంకా కర్నూలులో చదువుకుంటోంది, ఇదంతా విన్నదే, కానీ ఎన్నిసార్లు విన్నదో, చూసినట్టే ఉంటుంది. ఒక మధ్యాహ్నం యార్డులో పెట్టెలోకి ఎవరో దూరి ఏదో మార్చారు, ధరలు వేసే పని ఆగిపోయింది. వ్యాపారులు కేకలు, రైతులు రాసుల మీంచి లేచి నిలబడ్డారు. ఎవరు చేశారంటే పెట్టె చెప్పగలిగింది ఒకటే పేరు, అందరూ వాడే పేరు. ఆ పేరువాడు ఎవడంటే అందరూ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఈశ్వరుడి దాకా పోవాల్సిన పని రాలేదు, ఆ మధ్యాహ్నం యార్డు గోడకు నిచ్చెన వేసుకుని ఉన్నవాడు మాదన్న, పట్టుకోవడానికి అనువుగా ఉన్నవాడు మాదన్న, అంతే, పట్టుకున్నారు. ఇంటికి పొమ్మన్నారు. మాదన్న చేయలేదని ప్రాణేశ్‌కు తెలుసు, చేయలేదని చూపించే దారి లేదు. అందరిదీ ఒకే పేరైనప్పుడు తప్పు చేసినవాడు దాక్కుంటాడు, సరే, చేయనివాడు బయటపడడం ఎట్లా? అసలు చేసింది ఎవరో ఇవాళ్టికీ తెలియదు. ప్రాణేశ్ ఆ సంగతి చెప్తున్నప్పుడు గొంతు తగ్గిస్తాడు, తన తప్పు కాకపోయినా.

ఇంకొకడైతే పాస్‌వర్డు మార్చి చేతులు దులుపుకునేవాడు. ప్రాణేశ్ తలుపుల పద్ధతే మార్చాడు, తలుచుకుంటే సంయుక్తకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మనిషి ఎంత సన్నగా ఉంటాడు, చొక్కా ఎప్పుడూ ఒక పక్కకు జారి ఉంటుంది, మాట్లాడితే ముందు ముక్కు గోక్కుంటాడు, ఆ మనిషి బుర్రలో ఇంత నేర్పు ఉందని ఎవరనుకుంటారు. పాత కంప్యూటరొకటి తెచ్చి ఆదోని ఆఫీసు వెనక గదిలో పెట్టాడు. ఆలూరు పెట్టె, నందవరం పెట్టె, ఎమ్మిగనూరు పెట్టె, యార్డు పెట్టె, ఒక్కదాని కడుపులోనూ మనుషుల పాస్‌వర్డు ఉండకూడదన్నాడు. ఎవరొచ్చి తలుపు తట్టినా పెట్టె సొంతంగా తీయకూడదు, ఆదోనిని అడగాలి. ఫలానా మనిషి వచ్చినాడు, నిజంగా ఆయనేనా? అయితే రానియ్యాల్నా? వస్తే ఏం ముట్టుకోవచ్చు, ఏం ముట్టుకోకూడదు? మూడు ప్రశ్నలు. ఆదోని చెప్పేదాకా పెట్టె కిమ్మనదు, అత్తను అడిగి చెప్తానని వాకిట్లో నిలబెట్టే కోడలిలాగా. అందుకని ఎవరి పేరు వాళ్లదే, ఎవరి మాట వాళ్లదే. మనిషి చేరితే ఆదోనిలో ఒక్క చోట పేరు చేరుస్తారు, తలుపులన్నీ గుర్తుపడతాయి. మనిషి పోతే ఒక్క చోట తీస్తారు, తలుపులన్నీ మరిచిపోతాయి. ఆదోనికి పోయే తీగే తెగితే? దానికీ దారి పెట్టాడు. ప్రతి పెట్టెలో ఆపదకు ఒకే ఒక పేరు, దాని పాస్‌వర్డు సీలు వేసిన కవరులో, కవరు దామోదరం గారి ఇనప్పెట్టెలో, ఒకసారి విప్పితే మళ్లీ మార్చాల్సిందే. అన్నీ అయ్యాక దామోదరం గారి దగ్గరికి పోయి, మాదన్నను పిలిపిస్తేనే దీన్ని నడుపుతాను అన్నాడట. మాదన్న వచ్చాడు. మొట్టమొదట చేర్చిన పేరు మాదన్నదే. తెర మీద తన పేరు చూసుకుని, కూడబలుక్కుని చదువుకుని, "ఇది నాకేనా అన్నా, ఇంగెవురూ దీంతో పోల్యారా?" అని అడిగాడట. నీకే మాదన్నా, నువ్వు తప్ప ఎవరూ పోలేరు. మాదన్న పెట్టెల్లో చూడగలడు, మార్చలేడు, మార్చాలని ఆయనకు లేదు కూడా. ఆ చూడడం కోసం ఇప్పటికీ వేళ్లు చొక్కాకు తుడుచుకుని మరీ కూర్చుంటాడు.

"ఏం పాపా, నీలో నువ్వే నగుకుంటాండావు, యాడికి?" పక్కన కూర్చున్న పెద్దామె అడిగింది. ఎప్పుడెక్కిందో, ఒళ్లో సంచి, సంచిలోంచి కొత్తిమీర వాసన, మెడలో నల్లపూసల పక్కన చిన్న సిలువ. "ఎమ్మిగనూరుకు పెద్దమ్మా. పని మీద." "ఏం పనో?" ఏమని చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి, సంయుక్త ఉన్నమాటే అనేసింది. "ఒకాయన పేరు తీసేయాల." పెద్దామె ముఖం ముడుచుకుంది. "సచ్చిపోయినాడా పాపం?" "లేదు లేదు, బాగున్నాడు." "బాగుండే మనిషి పేరు యాలప్పా తీసేది?" పెద్దామే కాసేపు ఆలోచించి, తనకు తానే అర్థం చేసుకుంది. "మా కార్డులో మా మంజుల పేరు తీసినారు, పెండ్లయినంక. బియ్యం కార్డులో. నేను తీయద్దంటి. ఏడిస్తి కూడా. ఈడ తీస్తేనే గదా ఆడ ఎక్కించేది అనిరి. ఇల్లరికం పోయే మొగోనిది గూడా తీస్తారా ఇప్పుడు?" అని నవ్వింది. పేరు కృపమ్మ అట, నందవరం పోవాలట, ఎమ్మిగనూరులో దిగి ఇంకో బస్సెక్కాలట. కొత్తిమీర కట్ట సర్దుకుని కళ్లు మూసుకుంది, అడగాల్సింది అడిగేసిన నిశ్చింతతో.

ఈడ తీస్తేనే ఆడ ఎక్కించేది. నిజమే కానీ, ఆ కాలేజీలో ఆయనను ఎక్కించుకోవడానికి ఈ పెట్టెలతో పనేముంది, అది వేరే లెక్క. లారీ ఇంకా ముందే పోతోంది, బస్సు దాన్ని దాటాలని హారన్ కొడుతోంది, మార్కా కళ్ల ముందు ఊగుతోంది. తను చేరిన కొత్తలో తనకు కూడా చూసే పేరే ఇచ్చాడు, మార్చే పేరు కాదు. ఇంజనీరింగ్ చదివినదాన్ని, మాదన్నతో సమానమా అని లోపల లోపల మూతి ముడుచుకుంది. తర్వాత కొంచెం మార్చనిచ్చాడు, అన్నీ కాదు. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందట అని ఆయన సామెత చెప్తే, నేను పేనునా అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత కదా ఆలూరు సంగతి. పెట్టెలో తీగ తగిలించే పోర్టు ఒకటి ఆపబోయి ఇంకొకటి ఆపమని కొట్టింది, ఊరు మొత్తానికి పోయే తీగ అది, వేలు దించేసింది కూడా. పెట్టె ఆదోనిని అడిగింది, ఆదోని వద్దంది. నీకు అనుమతి లేదు, అంతే, ఒక వరస. ముందు కోపమొచ్చింది, తర్వాత తను ఏం కొట్టిందో చదువుకుంది, కీబోర్డు దూరంగా నెట్టింది. ఆలూరులో అంగళ్లు, బ్యాంకు, విత్తనాల డిపో, అందరూ ఏమీ ఎరగకుండా పని చేసుకుంటూనే ఉన్నారు. పోయి చెప్పింది, తిడతాడనుకుంది. ఆయన ముక్కు గోక్కుని, "నన్నూ ఆపుతుంది, తెలుసా" అన్నాడు. తెరిచి చూపించాడు. కొత్త పేరు చేర్చాలన్నా, ఉన్న పేరుకు అధికారం పెంచాలన్నా ఆయన ఒక్కడి మాట చాలదు, ఇంకొకరు సరే అనాలి. పేరు తీయడానికి మాత్రం ఒకరు చాలు. "నాకు కోపం వచ్చినప్పుడు నన్ను ఎవరు ఆపాలమ్మా మరి? తెరిచేదానికి ఇద్దరు, మూసేదానికి ఒకరు. అంతే." తన చేతులకు తానే తాడు కట్టుకున్న మనిషిని ఆమె అంతకు ముందు చూడలేదు. లోకంలో ఎవరు చేసినా తన కోసం ఒక దొడ్డిదారి ఉంచుకుంటారు, ఆయన ఉంచుకోలేదు. ఆ రోజునుంచి ఆయనంటే ఆమెకు గురువన్న మాట కూడా చాలదనిపిస్తుంది.

అందుకే కదా తీయలేకపోతోంది. తీస్తే ఒక్క వేటు, మళ్లీ చేర్చాలంటే తనొక్కతి మాట చాలదు, దామోదరం గారిని కూడా కూర్చోబెట్టి సరే అనిపించాలి, కాలేజీలో చేరిన మనిషి పేరును ఏ ముఖంతో చేరుస్తారు. తీసినది తీసినట్టే. వెనక కొండ లేకుండా ఆదోని ఎట్లా ఉంటుందో ఆమె ఊహకు అందదు, రేపు ఆఫీసు అట్లా ఉండబోతోంది. చేతకాదేమో. నిజంగానే చేతకాదేమో. ఆయనను అడిగితే? అన్నా, కొన్నాళ్లు ఉండనిస్తాను అని అడిగితే? ఆయన ఏమంటాడో తెలుసు, ఏమీ అనడు, వాళ్ల నాన్న సంగతి చెప్తాడు. వాళ్ల నాన్న శ్రీపాదరావు గారు, తుంగభద్ర ఒడ్డున చిన్న ఆంజనేయస్వామి గుడి, అన్నదమ్ముల మూడు ఇళ్లవాళ్లు ఏడాదికొకరు వంతున సేవ చేస్తారు. వంతు తీరిన రోజు పాతవాడు తాళంచెవి కొత్తవాడి చేతికి ఇవ్వడు, గడప మీద పెడతాడు. కొత్తవాడు తీసుకుని తలుపు తనే వేసి తాళం వేస్తాడు. అప్పుడు పాతవాడు అందరి ముందూ ఉత్త చేతులతో తాళం లాగి చూడాలి. ఏడాది పొడుగునా తన మాట విన్న తాళం ఇప్పుడు వినదని ఊరంతా చూడాలి. చూశాక గడప బయట నిలబడతాడు, కొత్తవాడు తలుపు తీసి పిలిచి మొదటి తీర్థం ఆయనకు ఇచ్చేదాకా లోపలికి రాడు. ఒక ఏడు శ్రీపాదరావు గారు లాగితే తాళం ఊడి చేతిలోకి వచ్చేసిందట. తమ్ముడి కొడుకు సరిగ్గా వేయలేదు. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు, మళ్లీ వేయించి మళ్లీ లాగాడు. "నమ్మకం లేక లాగేది కాదమ్మా అది. రేపు లోపల ఒక గంట కనపడకపోయినా మా నాన్న దిక్కు ఎవరూ చూడకుండా ఉండేదానికి లాగేది."

గంట కనపడకపోతే. సంయుక్త లారీ వైపే చూస్తోంది, చూస్తూ చూస్తూ చూపు ఆగిపోయింది. రేపు ఏదో ఒక మధ్యాహ్నం యార్డు ఆగిపోతుంది, ఆగకుండా ఉంటుందా, ఏ తీగైనా ఒకనాటికి ఆగాల్సిందే. వరసలో ప్రాణేశ్ పేరు బతికే ఉంటుంది. ఎవరి నోట్లోంచో మాట వస్తుంది, ఆయప్ప పేరు ఇంగా ఉండాది గదా, ఆయప్పే యాదో చేసినాడేమో, జీతం చాలక పోయినోడు గదా. ఆయన అక్కడ నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్తుంటాడు, ఇక్కడ ఆయన పేరును నిచ్చెన ఎక్కించి యార్డు గోడకు నిలబెడతారు, మాదన్నను నిలబెట్టినట్టే. చేయలేదని చూపించడానికి ఆయన దగ్గర ఏముంటుంది? ఇంత కట్టినవాడికి తను ఇచ్చే బహుమానం అదన్నమాట. పాత బీగంచెవి సూరులో పెట్టుకుంటే ఇల్లు దోచినప్పుడు ఎవరి మీదికి పోతుంది మాట, అది ఎవరి బీగంచెవో వాళ్ల మీదికి. ఇన్నాళ్లూ ఆమె ఆ పేరును ప్రేమతో ఉంచుకుందామనుకుంది, అది ప్రేమ కాదు, పిరికితనం. ఆ మాట లోపల అనుకున్నాక సిగ్గేసింది, సిగ్గు వెంటే ధైర్యం కూడా ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది.

జిప్పు లాగింది, ల్యాప్‌టాప్ తెరిచింది, ఫోన్ నెట్టు కలిపింది. కృపమ్మ ఒక కన్ను తెరిచి చూసి మూసుకుంది. ఆదోని అడిగింది, ఎవరు నువ్వు? పేరు కొట్టింది. నువ్వే అని ఏం నమ్మకం? పాస్‌వర్డు కొట్టింది. అయినా నమ్మలేదు, ఫోన్‌లో మారుతూ ఉండే అంకెలు అడిగింది, బస్సు గుంతలో పడి తప్పు కొట్టింది, మళ్లీ కొట్టింది. నేనే, నేనే సంయుక్తను, తీయి. తీసింది. పేర్ల వరస, పైన ఆ పేరు. వేలు పోయింది, ఈసారి దప్పిక వేయలేదు. నిజంగానే తీసేయాలా అని అడిగింది తెర. అవును అని నొక్కింది, తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైంది, తిరుగుతూ ఉంది, ఫోన్ మోగింది, నెట్టు తెగింది, చక్రం అట్లాగే నిలబడిపోయింది. దామోదరం గారు. ఎత్తక తప్పదు. "యాడుండావు పాపా? ఏం జేసినావు, ఉండనిచ్చినావా?" సంయుక్త ఫోన్ చెవికి ఆనించుకుంది. "లేదప్పా. తీసేస్తాండా. మీరు కోప్పడినా సరే." అటువైపు మిల్లు చప్పుడు, ఇటువైపు బస్సు చప్పుడు. "కోపమేంలే. ఆయప్ప నిన్ననే సెప్పినాడు, మీరు అడుగుతారు, ఆ పిల్ల ఇనదు అని. నేనే మనసు ఉండబట్టలేక అడిగితి." ఫోన్ పెట్టేశారు. ఆ పిల్ల వినదు అని నిన్ననే చెప్పాడు. తను గంగిరెద్దులా తల ఊపిన సాయంత్రమే. తన సంగతి తనకు తెలియకముందే ఆయన నమ్మేసి, ఊరెళ్లి కూర్చున్నాడు. కళ్లు చెమర్చాయి, కిటికీ వైపు తిరిగింది, ల్యాప్‌టాప్ మళ్లీ కలుపుదామని చూస్తే బ్యాటరీ ఎర్రబడి తెర నల్లబడింది. పేరు పోయిందో ఉందో తెలియదు. బస్సు ఎమ్మిగనూరు బస్టాండులో మలుపు తిరుగుతోంది.

గది మగ్గాల వీధిలో, బట్టల కొట్టు పైన. మెట్లెక్కుతుంటే కింద ఎవరింట్లోనో మగ్గం ఆడుతున్న చప్పుడు. ప్రాణేశ్ పెట్టె ముందు కుర్చీలో ఉన్నాడు, చొక్కా ఎప్పటిలాగే ఒక పక్కకు జారి ఉంది. వాకిలి పక్కన మాదన్న ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చినావా" అన్నాడు ప్రాణేశ్, అంతే, తీసినావా అని అడగలేదు. అడిగితే నెట్టు తెగిన సంగతి చెప్పేది, తెలియదన్నా అనేది. అడగని మనిషికి ఏమని చెప్తుంది? ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కుని తన పేరు కొట్టాడు, పాస్‌వర్డు కొట్టాడు, ఫోన్ చూసి అంకెలు కొట్టాడు. పెట్టె మీద పచ్చ దీపం మినుకు మినుకుమంది. ఆ ప్రశ్న ఇప్పుడు తీగలో పోతోంది, కోటేకల్లు ఊరు దాటి, తుమ్మచెట్లు దాటి, దూది దాటి, ఆదోని వెనక గదిలో ఆ పాత కంప్యూటరు దగ్గరికి. ప్రాణేశ్ వచ్చినాడు, రానియ్యాల్నా? ఇన్నేళ్లలో ఎప్పుడూ కాదనలేదది, ఆయన కట్టిందే కదా, ఆయన చేత్తో పురుడు పోసుకున్నదే కదా. తెర మీద ఒక వరస పడింది. ఈ పేరుకు ప్రవేశం లేదు.

ఆయన మళ్లీ కొట్టాడు, ఈసారి నిదానంగా, తప్పు కొట్టానేమోనని ఒక్కో అక్షరం చూసుకుంటూ. లేదు. మూడోసారి కొట్టాడు. లేదు. కీబోర్డు మీంచి చేతులు తీసి, అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. ఆ ముఖంలో వెలుగు సంయుక్త మరెప్పుడూ చూడలేదు, కాలేజీ ఉత్తరం వచ్చిన రోజు కూడా చూడలేదు. "గట్టిగా ఉంది" అన్నాడు. "బాగా గట్టిగా ఉంది తల్లీ." ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు, బస్సులో కొట్టుమిట్టాడిన సంగతంతా చెప్పేయాలనిపించింది, చెప్పకపోయినా ఆయనకు తెలుసనిపించింది. ఆయన లేచాడు. సంచి తీసుకుని, మాదన్న భుజం తట్టి, గడప దాటి బయట మెట్ల మీద చెప్పులేసుకుని నిలబడ్డాడు. పోవడం లేదు. నిలబడ్డాడు, అంతే, వీధిలోకి చూస్తూ. మాదన్నకు అర్థం కాక ఇద్దరి వంకా చూశాడు. సంయుక్తకు అర్థమైంది. కళ్లు తుడుచుకుని మాదన్న చేతిలో ఫ్లాస్కు తీసుకుంది, మొదటి గ్లాసు పోసింది, గడప దాకా పోయి పిలిచింది. "లోపలికి రా అన్నా. టీ తాగు." ఆయన చెప్పులు విడిచి, వాకిట్లో తల కొంచెం వంచి లోపలికి వచ్చి గ్లాసు అందుకున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది, ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.